రొయ్యల చెరువుకు ఖనిజాలు.. లెక్క తెలిస్తే గట్టు మీదే తయారీ

* బోరు నీటి సాగులో పొటాషియం లోటే ప్రధాన సమస్య
* పది కిలోల పొట్లం ఎకరా చెరువుకు ఏ మూలకు?

భీమవరం: సముద్రంలో పుట్టి పెరగాల్సిన వెనామీ రొయ్య నేడు తీరానికి పదుల కిలోమీటర్ల ఎగువన, బోరు నీటిలో పెరుగుతోంది. ఉండి, ఆకివీడు, కాళ్ళ, కైకలూరు, మండవల్లి ప్రాంతాల్లో వరి పొలాల సరసన తవ్విన చెరువుల్లో ఉప్పదనం చాలాచోట్ల 5 పీపీటీకి మించదు. అంటే లీటరు నీటిలో ఉండే మొత్తం లవణాలు ఐదు గ్రాముల లోపే. సముద్రపు నీటిలో ఇవి సుమారు 35 గ్రాములు ఉంటాయి. హేచరీలో ఉప్పు నీటికి అలవాటుపడిన పిల్లను తెచ్చి ఇంత పలుచని నీటిలో వదిలినప్పుడు అది బతికి బట్టకట్టడం నీటిలోని ఖనిజాలపైనే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఈ సంగతి రైతులకు తెలియనిది కాదు. 2009లో వెనామీ సాగుకు దేశంలో అనుమతి లభించిన నాటి నుంచి ‘మినరల్స్’ అన్న మాట గట్టు మీద నిత్యం వినిపిస్తూనే ఉంది. పెంకు మెత్తబడినా, చెక్‌ట్రేలో రొయ్య వంకర తిరిగి బిగుసుకుపోయినా, పెంకు విడిచిన మర్నాడు చచ్చిన రొయ్యలు తేలినా ముందుగా గుర్తుకు వచ్చేది దుకాణంలోని మినరల్ పొట్లమే. ఎకరాకు ఐదు కిలోలో పది కిలోలో చల్లి, వారం తిరిగేసరికి మళ్ళీ చల్లడం అలవాటుగా మారింది. పంట ముగిసే నాటికి ఈ పొట్లాల బిల్లు మేత బిల్లు పక్కన తీసివేయలేని పద్దుగా నిలుస్తోంది. కానీ చల్లిన ఖనిజం ఎంత, చెరువుకు కావలసింది ఎంత అన్న లెక్క వేసుకుంటున్న వారు తక్కువ. ఆ లెక్క వేసుకోగలిగితే, పొట్లం బదులు ముడి లవణాలు కొని గట్టు మీదే మిశ్రమం తయారు చేసుకోవడం రైతుకు కష్టమేమీ కాదు.

రొయ్యకు ఖనిజాలు ఎందుకు?

వెనామీ శరీరంలోని ద్రవాల గాఢత సుమారు 25 పీపీటీ ఉప్పదనం ఉన్న నీటితో సమానంగా ఉంటుంది. అంతకంటే పలుచని నీటిలో ఉన్నప్పుడు బయటి నీరు లోపలికి చొరబడుతూ, లోపలి లవణాలు బయటకు పోతూ ఉంటాయి. పోయిన లవణాలను మొప్పల ద్వారా తిరిగి లోపలికి తోడుకునే పని రొయ్య రాత్రింబవళ్ళు చేస్తూనే ఉండాలి. ఈ తోడకం నడవడానికి సోడియంతో పాటు పొటాషియం, మెగ్నీషియం తప్పనిసరి. పొటాషియం తగ్గితే తోడకం మందగిస్తుంది. తిన్న మేతలోని శక్తి ఎదుగుదలకు కాక ఈ పనికే ఖర్చయిపోతుంది. మేత తింటున్నా కౌంటు రావడం లేదని రైతు వాపోయే సందర్భాల్లో కొన్నింటి వెనుక ఉన్నది ఇదే.

కాల్షియం పని వేరు. రొయ్య పెంకులో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. పాత పెంకు విడిచినప్పుడు అందులోని కాల్షియంలో అధిక భాగం దానితోనే పోతుంది. కొత్త పెంకు గట్టిపడటానికి కావలసిన కాల్షియంను రొయ్య ఎక్కువగా నీటి నుంచే గ్రహిస్తుంది. అందుకే పెంకు విడిచిన తర్వాతి కొన్ని గంటలు రొయ్యకు గండం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఎక్కువ రొయ్యలు ఒక్కసారే పెంకు విడుస్తాయన్నది రైతుల అనుభవం. ఆ రాత్రులు ఏరేటర్లు ఆపకుండా తిప్పడం, ఖనిజాలు ముందే నీటిలో కరిగి ఉండేలా చూసుకోవడం మంచి పద్ధతి.

బోరు నీటిలో లోపించేది ఏది?

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 10,500 మిల్లీగ్రాముల సోడియం, 1,350 మెగ్నీషియం, 400 కాల్షియం, 380 పొటాషియం ఉంటాయి. సోడియం 28 పాళ్ళుంటే పొటాషియం ఒక పాలు. మెగ్నీషియం మూడున్నర పాళ్ళకు కాస్త తక్కువగా ఉంటే కాల్షియం ఒక పాలు. రొయ్య శరీరం ఈ నిష్పత్తులకు అలవాటుపడినది. సముద్రపు నీటిని మంచినీటితో పలుచన చేస్తే ఉప్పదనం తగ్గుతుందే గాని నిష్పత్తి పెద్దగా మారదు. ఉప్పుటేరు పొడవునా, తీరానికి దగ్గరలో కాలువ నీటితో సాగు చేసేవారికి ఖనిజాల బెడద తక్కువగా ఉండటానికి కారణం ఇదే.

బోరు నీటి సంగతి అలా కాదు. భూగర్భంలో ఏళ్ళ తరబడి బంకమట్టి పొరల మధ్య నిలిచిన ఉప్పునీటిలోని పొటాషియంను మట్టి పట్టేసుకుంటుంది. బదులుగా మట్టిలోని కాల్షియం నీటిలోకి విడుదలవుతుంది. ఫలితంగా ఉప్పదనం 4 పీపీటీ ఉన్న బోరు నీటికీ, అంతే ఉప్పదనానికి పలుచన చేసిన సముద్రపు నీటికీ నాలుకకు తేడా తెలియకపోయినా రొయ్యకు మాత్రం తెలుస్తుంది. మొదటి దానిలో కాల్షియం ఎక్కువగా, పొటాషియం చాలా తక్కువగా, మెగ్నీషియం అంతంత మాత్రంగా ఉండటం సాధారణం. హర్యానాలోని ఉప్పు భూగర్భజలాల్లో రొయ్యల సాగుకు ప్రయత్నించినప్పుడు కూడా రోహ్‌తక్‌లోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ కేంద్రం ముందుగా పొటాషియం లోటునే పూడ్చవలసి వచ్చింది.

అమెరికాలోని అలబామా రాష్ట్రపు పశ్చిమ ప్రాంతానిదీ ఇదే కథ. సముద్రానికి దూరంగా బోరు నీటితో వెనామీ వేసిన రైతులు మొదటి ఏళ్ళలో దెబ్బతిన్నారు. ఆబర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లాడ్ బాయిడ్ తదితర శాస్త్రవేత్తలు నీటిని పరీక్షించి, పొటాషియం, మెగ్నీషియం తక్కువగా ఉన్నట్లు గుర్తించారు. వారు సూచించిన మందు ఖరీదైనదేమీ కాదు. పంటలకు వేసే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, పొటాషియంతో పాటు మెగ్నీషియం ఉన్న మరో ఎరువు. అవి వేశాక రొయ్య బతుకుదల, దిగుబడి మెరుగుపడ్డాయి. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో జరిగిన ఈ పనే నేటి మినరల్ పొట్లాలన్నింటికీ మూలమని చెప్పవచ్చు. పొట్లాల మీద ఆ లెక్క మాత్రం కనిపించదు.

పరీక్ష లేనిదే లెక్క లేదు

మొదట చేయవలసింది నీటి పరీక్ష. భీమవరం, నెల్లూరు వంటి పట్టణాల్లో ఆక్వా ల్యాబులకు కొదవ లేదు. అయితే చాలామంది రైతులు పీహెచ్, ఉప్పదనం, క్షారత, మొత్తం కాఠిన్యం వరకే పరీక్ష చేయించి ఊరుకుంటున్నారు. కాఠిన్యం 1,500 వచ్చింది కదా, ఖనిజాలు దండిగా ఉన్నాయని సంబరపడుతున్నవారూ ఉన్నారు. కాఠిన్యం కాల్షియం, మెగ్నీషియంలను కలిపి చెప్పే సంఖ్య మాత్రమే. అందులో పొటాషియం ఊసే ఉండదు.

ల్యాబులో మొత్తం కాఠిన్యంతో పాటు కాల్షియం కాఠిన్యం విడిగా అడిగి రాయించుకోవాలి. కాల్షియం కాఠిన్యాన్ని 0.4తో గుణిస్తే కాల్షియం వస్తుంది. మొత్తం కాఠిన్యంలో కాల్షియం కాఠిన్యాన్ని తీసివేసి, మిగిలినదాన్ని 0.243తో గుణిస్తే మెగ్నీషియం వస్తుంది. పొటాషియంను చుక్కల మందు కిట్లతో నమ్మకంగా కొలవడం కష్టం. దానికి ఫ్లేమ్ ఫోటోమీటర్ కావాలి. భూసార పరీక్ష చేసే ల్యాబుల్లోనూ ఈ పరికరం ఉంటుంది. నమూనాను చెరువు మధ్య నుంచి, నీటి మట్టానికి అడుగు లోతున శుభ్రమైన సీసాలో పట్టాలి. గట్టు పక్కన మురుగు తేరిన చోట పట్టిన నీటితో వచ్చే ఫలితం దారి తప్పిస్తుంది.

ఫలితం చేతికి వచ్చాక దాన్ని దేనితో పోల్చాలి? చెరువు ఉప్పదనాన్ని పీపీటీల్లో తీసుకుని 10.7తో గుణిస్తే ఉండవలసిన పొటాషియం, 39.1తో గుణిస్తే మెగ్నీషియం, 11.6తో గుణిస్తే కాల్షియం లీటరుకు మిల్లీగ్రాముల్లో వస్తాయి. సముద్రపు నీటిని అంత ఉప్పదనానికి పలుచన చేస్తే ఉండే పరిమాణాలివి. ఈ మూడు అంకెలు గట్టు మీది షెడ్డు గోడపై రాసి పెట్టుకోదగ్గవి.

ఎకరా చెరువు లెక్క

ఎకరా విస్తీర్ణంలో మీటరు లోతు నీరుంటే అది సుమారు 4,000 ఘనపు మీటర్లు, అంటే 40 లక్షల లీటర్లు. ఉప్పదనం 4 పీపీటీ, ల్యాబు ఫలితంలో పొటాషియం 13 మిల్లీగ్రాములు అనుకుందాం. ఉండవలసింది 43. లోటు 30. ఈ 30ని 4,000తో గుణించి వెయ్యితో భాగిస్తే 120 కిలోలు. ఇది నికర పొటాషియం. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో పొటాషియం దాదాపు సగం. కనుక కావలసిన పొటాష్ 240 కిలోలు, దగ్గర దగ్గర ఐదు బస్తాలు.

ఇప్పుడు పొట్లం సంగతి చూద్దాం. పది కిలోల పొట్లంలో పొటాషియం 5 శాతం ఉందనుకుంటే చెరువులో పడేది అరకిలో. దాన్ని 40 లక్షల లీటర్లలో కలిపితే లీటరుకు పెరిగేది మిల్లీగ్రాములో ఎనిమిదో వంతు. పొట్లం మొత్తం స్వచ్ఛమైన పొటాషియమే అయినా రెండున్నర మిల్లీగ్రాములకు మించి పెరగదు. లోటు 30 ఉన్నచోట ఇది ఏనుగు నోట్లో మరమరాల చందం. ఇలాంటి పొట్లాలు వారం వారం చల్లినా ల్యాబు ఫలితంలో మార్పు కనిపించకపోవడం సహజం. అమ్మేవారు మోసం చేస్తున్నారని ప్రతి సందర్భంలోనూ అనలేం. పొట్లంపై రాసిన శాతాలు నిజమే కావచ్చు. చెరువు ఎంత పెద్దదో మాత్రం పొట్లానికి తెలియదు.

లోతు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. గట్లతో కలిపి కొలిచిన ఎకరం వేరు, నీరు నిలిచిన ఎకరం వేరు. నాలుగైదు చోట్ల కర్రతో లోతు కొలిచి సగటు తీసుకోవాలి. నీరు మీటరున్నర ఉంటే పై లెక్కంతా ఒకటిన్నర రెట్లవుతుంది.

మెగ్నీషియం దగ్గరికి వచ్చేసరికి లెక్క బెంబేలెత్తిస్తుంది. అదే చెరువులో మెగ్నీషియం 60 ఉందనుకుంటే ఉండవలసింది 156. లోటు 96. నికరంగా 384 కిలోల మెగ్నీషియం. మెగ్నీషియం క్లోరైడ్ రూపంలో వేయాలంటే మూడు టన్నులకు పైనే కావాలి. ఎకరాకు మూడు టన్నులు వేసే రైతు ఉండడు, అవసరమూ లేదు. ఆబర్న్ పరిశోధకులు 4 పీపీటీ నీటిలో జరిపి 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో పొటాషియం పెరిగేకొద్దీ రొయ్య ఎదుగుదల మెరుగుపడగా, మెగ్నీషియం మరీ అడుగంటిన చోటే బతుకుదల పడిపోయింది. మెగ్నీషియం లోటును వెనామీ కొంతవరకు ఓర్చుకుంటుందని దీనినిబట్టి అర్థమవుతుంది. కాబట్టి డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు పొటాషియం లోటు ముందుగా పూడ్చుకోవాలి. మెగ్నీషియంను స్తోమతను బట్టి అంచెలుగా పెంచుకోవచ్చు. 20 మిల్లీగ్రాములు పెంచడానికి పై చెరువుకు మెగ్నీషియం క్లోరైడ్ అయితే సుమారు 670 కిలోలు, మెగ్నీషియం సల్ఫేట్ అయితే సుమారు 830 కిలోలు పడుతుంది.

కాల్షియం చాలా బోరు చెరువుల్లో అవసరానికి మించే ఉంటుంది. అలాంటి నీటిలో మళ్ళీ కాల్షియం ఎక్కువగా ఉన్న మిశ్రమం చల్లితే మెగ్నీషియంతో దాని నిష్పత్తి మరింత చెడుతుంది. మినరల్స్ వేసిన కొద్దీ పెంకు మెత్తబడుతోందని కొందరు రైతులు చెప్పే మాటను కొట్టిపారేయనక్కర్లేదు.

బస్తా మీది అంకెలు చదవడం ఎలా?

ముడి లవణం కొనేటప్పుడు బస్తా మీద ఉన్న శాతం దేనిదో చూడాలి. పొటాష్ బస్తాపై 60 శాతం అని ఉంటుంది. అది పొటాషియం ఆక్సైడ్ లెక్క. దాన్ని 0.83తో గుణిస్తేనే నికర పొటాషియం, అంటే సుమారు 50 శాతం. అలాగే మెగ్నీషియం ఆక్సైడ్ శాతాన్ని 0.6తో, కాల్షియం ఆక్సైడ్ శాతాన్ని 0.71తో గుణించాలి. మెగ్నీషియం సల్ఫేట్‌లో నికర మెగ్నీషియం 9.6 శాతం మేరకు, పలుకుల రూపంలో దొరికే మెగ్నీషియం క్లోరైడ్‌లో 12 శాతం మేరకు ఉంటుంది. జిప్సంలో కాల్షియం 23 శాతం. ఏది కొన్నా బస్తా ధరను అందులోని నికర ఖనిజం కిలోలతో భాగించి, కిలో ఎంత పడిందో చూసుకుంటే ఏది చౌకో, ఏది పేరుకే చౌకో తేలిపోతుంది. ఇదే భాగహారం మినరల్ పొట్లానికీ చేసి చూడటం ఆసక్తికరంగా ఉంటుంది.

డోలమైట్‌ను మెగ్నీషియం కోసం చల్లేవారు చాలామంది. అందులో మెగ్నీషియం ఉన్న మాట నిజమే. అయితే పీహెచ్ 8 దాటిన, క్షారత పుష్కలంగా ఉన్న నీటిలో అది కరిగేది స్వల్పం. చల్లిన దానిలో అత్యధిక భాగం అడుగు మట్టిలో కలిసిపోతుంది. చెరువు ఎండగట్టినప్పుడు నేల పులుపు విరవడానికి సున్నం, డోలమైట్ పనికివస్తాయి. పంట మధ్యలో ఖనిజాల లోటు తీర్చడానికి వాటిపై ఆధారపడటం వృథా.

పొటాష్ విషయంలో మరొకటి గుర్తుంచుకోవాలి. రాయితీపై ఎరువుల దుకాణంలో అమ్మే ఎర్ర పొటాష్ పంట పొలాల కోసం ఉద్దేశించినది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఎరువులను అనుమతి లేకుండా ఇతర అవసరాలకు అమ్మడం, వాడటం కుదరదు. వరి రైతుకు అందవలసిన బస్తాను చెరువులోకి మళ్ళిస్తే చిక్కులు తప్పవు. రసాయన వ్యాపారుల వద్ద రాయితీ లేని పొటాషియం క్లోరైడ్ తెల్లని పొడిగానో గుళికలుగానో దొరుకుతుంది. ధర ఎక్కువే అయినా బిల్లు ఉంటుంది, మలినాలు తక్కువ. సరుకుతో పాటు పరీక్ష పత్రం అడిగి తీసుకోవాలి. సీసం, కాడ్మియం వంటివి ఎంత ఉన్నాయో అందులో చూసుకోవాలి. ఎగుమతికి వెళ్ళే సరుకు పెంచుతున్నప్పుడు ఈ పత్రం విలువ తెలుస్తుంది.

పేరూ ఊరూ లేని పొట్లాలతో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. లోపల ఏముందో రాయని మిశ్రమంలో నిషేధిత యాంటీబయోటిక్ ఆనవాళ్ళున్నా రైతుకు తెలిసే అవకాశం లేదు. నమూనా పట్టుబడినప్పుడు సరుకు తిరస్కరణకు గురయ్యేది రైతుదే. తాను కలుపుకున్న మిశ్రమంలో ఏముందో రైతుకు తెలిసి ఉంటుంది.

కలపడంలో మెలకువలు

పొటాషియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్ మూడూ నీటిలో బాగా కరిగేవే. రెండు వందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములో మూడు వంతులు చెరువు నీరు పోసి, లవణాన్ని కొద్దికొద్దిగా వేస్తూ కర్రతో కలపాలి. ఒక్కో డ్రమ్ములో 30 నుంచి 40 కిలోల పొటాష్ తేలికగా కరుగుతుంది. బస్తా నోరు విప్పి నేరుగా చెరువులో కుమ్మరిస్తే అడుగున కుప్పపడి, ఆ చుట్టుపక్కల తిరిగే రొయ్యలకు ముప్పు తెస్తుంది. పైగా నీటిలో కలవవలసింది మట్టిపాలవుతుంది. మెగ్నీషియం క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకుని నీరు కారుతుంది కనుక ఏ రోజు వాడేది ఆ రోజే విప్పాలి.

కాల్షియం నిజంగా తక్కువైన చెరువుల్లో కాల్షియం క్లోరైడ్ వాడవలసి వస్తే మరింత జాగ్రత్త కావాలి. అది కరిగేటప్పుడు నీరు బాగా వేడెక్కుతుంది. చేతులకు తొడుగులు వేసుకుని, నీటిలో లవణాన్ని వేయాలే గాని లవణం మీద నీరు పోయరాదు. దాన్ని మెగ్నీషియం సల్ఫేట్‌తో ఒకే డ్రమ్ములో కలిపితే జిప్సం ఏర్పడి తెల్లగా విరిగి అడుక్కి దిగుతుంది. వంట సోడాతో కలిపితే సున్నపురాయి పొడిలా గడ్డకడుతుంది. రెండు విధాలా డబ్బు డ్రమ్ము అడుగున మిగులుతుంది.

విదేశాల్లో ఇళ్ళలో గాజు తొట్టెల్లో పగడాలు పెంచే అభిరుచి ఉన్నవారు ఈ సూత్రాన్ని చాలాకాలంగా పాటిస్తున్నారు. పగడం కూడా రొయ్య పెంకులాగే కాల్షియం కార్బొనేట్‌తో అస్థిపంజరం కట్టుకుంటుంది. దాని కోసం వారు కాల్షియం క్లోరైడ్ ద్రావణాన్ని ఒక సీసాలో, వంట సోడాతో చేసిన ద్రావణాన్ని మరో సీసాలో, మెగ్నీషియం లవణాలను విడిగా ఉంచుకుని, తొట్టె నీటిలో వేర్వేరు చోట్ల వేర్వేరు వేళల్లో కొద్దికొద్దిగా పోస్తారు. కొనే ద్రావణాల ఖర్చు భరించలేక ముడి లవణాలతో సొంతంగా తయారు చేసుకోవడం వారిలో సాధారణం. తొట్టెకు చెంచాలు, చెరువుకు బస్తాలు. రసాయన సూత్రం ఒక్కటే. మన తీరంలోని పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జీవులు కనుక వాటిని సేకరించి తొట్టెల్లో పెంచడం ఇక్కడ నేరమన్నది వేరే సంగతి.

తయారైన ద్రావణాన్ని ఏరేటర్లు తిరుగుతుండగా చెరువంతటా పడేలా చల్లాలి. లెక్కలో వచ్చిన 240 కిలోల పొటాష్‌ను ఒకే రోజు వేయడం మంచిది కాదు. నాలుగైదు విడతలుగా, రెండేసి రోజుల ఎడంతో వేసుకోవాలి. వీలైతే పిల్ల వదలక ముందే ఈ పని పూర్తి కావాలి. హేచరీ నీటి నుంచి బోరు నీటికి మారే తొలి రోజుల్లోనే పొటాషియం లోటు ఎక్కువ ప్రాణాలు తీస్తుంది. పిల్ల వదిలిన తర్వాత వారానికి కళ్ళు తెరిచి, అప్పుడు బస్తాలు తెచ్చే అలవాటు మానుకోవాలి.

క్షారత లీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే వంట సోడాతో పెంచుకోవచ్చు. మీటరు లోతున్న ఎకరా చెరువులో 10 మిల్లీగ్రాములు పెంచడానికి దాదాపు 67 కిలోలు కావాలి. మన బోరు నీళ్ళలో క్షారతకు సాధారణంగా లోటుండదు కాబట్టి ఈ ఖర్చు అందరికీ పడదు.

మట్టి తినేసే పొటాషియం

ఇంత శ్రమపడి వేసిన పొటాషియం నీటిలో అలాగే నిలిచి ఉంటుందనుకుంటే పొరపాటు. భూగర్భంలో ఏ బంకమట్టి దాన్ని పట్టేసుకుందో, చెరువు అడుగునా అదే బంకమట్టి ఉంది. కొత్తగా తవ్విన నల్లరేగడి చెరువుల్లో ఈ నష్టం మరీ ఎక్కువ. వేసిన వారానికి పరీక్షిస్తే లెక్క ప్రకారం పెరగాల్సినంత పెరగలేదని తేలడం మామూలే. లవణం నకిలీదని తొందరపడి తీర్పు చెప్పకుండా, పదిహేను రోజులకోసారి పరీక్ష చేయించి తగ్గినంత మేరకు పూడ్చుకోవాలి. ఒకటి రెండు పంటలు గడిచేసరికి మట్టి ఆకలి కొంత తీరుతుంది. భారీ వర్షం కురిసిన తర్వాత ఉప్పదనం తగ్గుతుంది గనుక అప్పుడు పరీక్ష, లెక్క రెండూ మళ్ళీ చేయాల్సిందే.

ఉప్పదనం పెంచాలన్న ఆలోచనతో కొందరు లారీల కొద్దీ కళ్ళుప్పు తెచ్చి చెరువులో పోస్తున్నారు. దీనివల్ల మీటరులో అంకె పెరుగుతుంది. రొయ్యకు మాత్రం మేలు కన్నా కీడే ఎక్కువ. తినే ఉప్పు దాదాపు పూర్తిగా సోడియం క్లోరైడే. సోడియం పెరిగి పొటాషియం ఉన్నచోటే ఉంటే 28కి ఒకటి ఉండవలసిన నిష్పత్తి 60కో 70కో ఒకటిగా దిగజారుతుంది.

నిజానికి సముద్రపు నీటిలోని పొటాషియం, మెగ్నీషియం ఉప్పు కొఠార్లలోనే మిగిలిపోతున్నాయి. నౌపడ, చినగంజాం, ఇస్కపల్లి వంటి చోట్ల మడుల్లో ఉప్పు తీశాక చిక్కని చేదు నీరు మిగులుతుంది. ఉప్పుగా గడ్డకట్టని మెగ్నీషియం, పొటాషియం లవణాలన్నీ అందులోనే ఉంటాయి. మార్కెట్లో దొరికే మెగ్నీషియం క్లోరైడ్‌లో చాలా భాగం ఇలాంటి నీటి నుంచి తీసినదే. ఈ నీటిని ట్యాంకరుతో తెచ్చుకోగల దూరంలో ఉన్న రైతులు ల్యాబులో పరీక్షించి వాడుకోవచ్చు. మడికీ మడికీ, నెలకూ నెలకూ దాని చిక్కదనం మారుతుంది కనుక పరీక్ష లేకుండా ఒక్క బిందె కూడా పోయరాదు. రవాణా ఖర్చు కలిపి కిలో మెగ్నీషియం ఎంత పడుతుందో చూసుకుంటే దూరపు రైతులకు ఇది గిట్టుబాటు కాకపోవచ్చు.

ఏది చేసుకోకూడదు?

రాగి, జింకు, సెలీనియం వంటి సూక్ష్మ ఖనిజాలను రైతు సొంతంగా కలుపుకోవడం మంచిది కాదు. వీటి అవసరానికీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. గ్రాముల్లో తూచవలసిన వాటిని గట్టు మీది కాటాతో తూచలేం. భాస్వరం మేత ద్వారా అందవలసిందే తప్ప నీటిలో కలిపితే నాచు పెరగడానికే పనికివస్తుంది. పేరున్న కంపెనీ మేతలో ఇవి చాలినంత ఉంటాయి. అవసరమనుకుంటే జిగురుతో మేతకు పట్టించే మిశ్రమాలు కొనుక్కోవడమే క్షేమం. పొట్లం డబ్బుకు న్యాయం జరిగేది ఇక్కడే.

మెత్తని పెంకు, తెల్లబడిన కండ, వంకర తిరిగిన రొయ్య కనిపించిన ప్రతిసారీ ఖనిజాల లోటే కారణం కానక్కర్లేదు. తెల్లవారుజామున ప్రాణవాయువు పడిపోయినా, అమ్మోనియా పెరిగినా, ఈహెచ్‌పీ సోకినా దాదాపు ఇవే లక్షణాలు కనిపిస్తాయి. తెల్లమచ్చకూ ఈహెచ్‌పీకీ ఖనిజాలు మందు కావు. రొయ్యల ఎదుగుదల ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే ముందు పీసీఆర్ పరీక్ష చేయించి, తర్వాతే లవణాల లెక్కకు రావాలి.

పంట నీరు వదిలేస్తే..

పట్టుబడి ముగియగానే తూము ఎత్తి నీటినంతటినీ మురుగు కాలువలోకి వదలడం జిల్లాలో ఆనవాయితీగా ఉంది. ఆ నీటితో పాటు పంట పొడవునా కలిపిన పొటాష్, మెగ్నీషియం కూడా పోతాయి. ఉప్పు నీరు కాలువల్లోకి చేరి పక్కనున్న వరి రైతుతో తగవులు తెచ్చిపెట్టడం అదనం. స్థలం ఉన్నవారు ఒక చెరువును నిల్వకు కేటాయించి, ఆ నీటిని బ్లీచింగ్‌తో శుద్ధి చేసి తిరిగి వాడుకోవచ్చు. బ్లీచింగ్‌తో రోగక్రిములు చస్తాయి, ఖనిజాలు ఎక్కడికీ పోవు. ముందరి ఉదాహరణలోని చెరువు నీటినే నిల్వ చేసి పరీక్షిస్తే, అదే ఉప్పదనం వద్ద పొటాషియం 35 ఉందనుకుందాం. అప్పుడు లోటు 8 మిల్లీగ్రాములే. తర్వాతి పంటకు కావలసిన పొటాష్ 240 కిలోలు కాదు, 64 కిలోలు.